దండ కింద బతికున్న ముఖం

గ్యాలరీలో ఉద్యోగం అంటే అసలు ఏం చేస్తారు మేడం అని ఈ మధ్య ఒక అమ్మాయి అడిగింది. నేను రిటైరయ్యాక నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి. బొమ్మలు తగిలిస్తామమ్మా అన్నాను. జోకనుకుని నవ్వింది. జోకు కాదు. నా సర్వీసంతా చేసింది అదే. ప్రమోషన్లు, సన్మానాలు, శాలువాలు, ఆ సోదంతా ఇక్కడ వద్దు. ఆ అమ్మాయికీ, ఈ పనిలోకి రాబోయే ఆమెలాంటి వాళ్లకీ పనికొచ్చేది రాస్తున్నాను. ముందే చెబుతున్నా, ధైర్యం చెప్పే రాతలు నాకు చేతకావు. ఈ ఉద్యోగంలో నేను నిజంగా హడలిపోయిన సంగతి ఒకటుంది, ముఖ్యంగా దాని కోసమే కూర్చున్నాను.

మేకులు, చెమ్మ, తెరలు

మాది విజయవాడ పటమటలో ఒక ప్రైవేటు ఆర్ట్ గ్యాలరీ. నేను డ్రాయింగ్ టీచర్‌గా మొదలుపెట్టి, అక్కడ ఎగ్జిబిషన్లు చూసుకునే పనిలోకి వచ్చాను. బొమ్మ మధ్యభాగం మనిషి కంటి ఎత్తుకి రావాలి. గోడ ఊరికే దొరికింది కదా అని మేకు కొట్టేయకూడదు, తట్టి చూడాలి. వానాకాలంలో మన కృష్ణా గాలికి కాన్వాసు బుడగల్లా ఉబ్బుతుంది, ఫ్రేము వెనక బల్లి కాపురం పెడుతుంది. ఇవన్నీ నెల రోజుల్లో వచ్చేస్తాయి, వీటికి భయపడక్కర్లేదు.

తర్వాత తెరలొచ్చాయి. గోడ మీద వీడియోలు, నేల మీద ప్రొజెక్టర్లు, కళ్లకు కట్టుకునే డబ్బాలు. ఒకసారి ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు గారు ఆ డబ్బా కళ్లకు పెట్టుకున్నారు. అందులో బ్యారేజీ మీద నిలబడినట్టు, కింద నీళ్లు పరుగెత్తుతున్నట్టు కనిపిస్తుంది. "పడిపోతున్నానమ్మా, పట్టుకో, పట్టుకో" అని నా చెయ్యి నలిపేశారు. నిలబడింది మా పాలరాతి నేల మీద. డబ్బా తీసేశాక కూడా కాసేపు చెయ్యి వదల్లేదు. పాపం ఆయన సిగ్గుపడ్డారు గానీ, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అదంతా ఉత్తదే అని మనసుకి చెప్పుకోవచ్చు, ఒంటికి ఎవరు చెబుతారు? ఆరోజే నేను ఇంకాస్త ఆలోచించి ఉండాల్సింది. మంచినీళ్లిచ్చి ఆటో ఎక్కించి పంపేశాను.

సత్యం గారూ, నిఖిలూ

మా గ్యాలరీ యజమాని సత్యం గారు. అపార్ట్‌మెంట్లు కట్టించే మనిషి, బొమ్మలంటే నిజంగానే ఇష్టం. స్టాఫ్‌ని ఒక్క మాట అనేవారు కాదు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, ఎవరైనా ఇంగ్లీషులో గబగబా మాట్లాడితే సరే అనేస్తారు. రెండోది కూడా ఉంది లెండి, ప్రారంభోత్సవం ఫొటో బాగా పడాలి.

ఆయన దగ్గరికి నిఖిల్ అనే కుర్రాడొచ్చాడు. మన ప్రాంతం వాడే, పెరిగింది బెంగళూరులో. నన్ను మొదటి రోజే ఆంటీ అన్నాడు. కొండపల్లిలో బొమ్మలు చేసే వాళ్ల చేత తేలిక చెక్కతో పాతకాలం ఫొటో ఫ్రేములు చేయించాడు. చుట్టూ లతలు, మూలల్లో చిలకలు, ఎంత బాగున్నాయో. ప్రతి ఫ్రేములోనూ ఒక తెర బిగించాడు. వాటన్నిటినీ ఒక గోడ నిండా వరసలుగా తగిలించమన్నాడు. తగిలించాను.

గుమ్మం దగ్గర ఒక కెమెరా. లోపలికొచ్చిన మనిషి దాని ముందు ఒక్క నిమిషం నిలబడితే చాలు, కాసేపటికి గోడ మీద ఖాళీగా ఉన్న ఒక ఫ్రేములో ఆ ముఖం వస్తుంది. నలుపు తెలుపుల్లో, మన తాతమ్మల ఫొటోలు ఎలా ఉండేవో అలా. కానీ ఆ ముఖం కళ్లార్పుతుంది. ఊపిరి తీస్తుంది. మన చర్మం రంగులో కంటికి తెలియని మార్పుని బట్టి కెమెరా గుండె చప్పుడు పట్టేస్తుందట, అదే లెక్కన ఫ్రేములో ఛాతీ లేచి పడుతుందట. మనం ఇంటికెళ్లిపోయినా ఆ ముఖం అక్కడే ఉంటుంది, రోజురోజుకీ కొంచెం కొంచెం వయసు పైబడుతూ ఉంటుంది.

"ఎందుకు నాయనా ఇదంతా?" అన్నాను.

"ఆంటీ, మనం సగం బయటా, సగం ఫోన్లోనూ బతుకుతున్నాం కదా. ఆ సగానికి ఒక ఇల్లు కట్టాను, అంతే."

మాట బాగుంది. గోడ కూడా బాగుంది, కాదనను. పరీక్షించడానికి అందరికంటే ముందు నన్నే నిలబెట్టాడు. ఇంకా వరస ప్రకారం నింపడం మొదలు కాలేదు, కింది నుంచి రెండో వరసలో నా ముఖం వచ్చి నన్ను చూసింది. నాకు ఒళ్లు జలదరించింది. నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ తర్వాత ఆ ఫ్రేము వైపు చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నాను.

పై వరస

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే పూలాయన వచ్చాడు. గుమ్మానికి తోరణం, దీపం చుట్టూ ముగ్గు, అంతవరకే చెప్పాను. నేను కుర్చీలు వేయించడానికి బయటికెళ్లాను. వచ్చేసరికి గోడ నిండా దండలు. ప్రతి ఫ్రేముకీ చామంతి దండ వేసేశాడు మహానుభావుడు. పాతకాలం ఫొటో ఫ్రేములు, పరీక్షకి తీసిన మా స్టాఫ్ నలుపు తెలుపు ముఖాలు, ఒకే గోడకి వరసగా. ఎవరో పెద్దవాళ్ల సంస్మరణ సభ అనుకున్నాడు. అతన్ని అనడానికేముంది, ఈ కృష్ణా జిల్లాలో ఎవరు చూసినా అలాగే అనుకుంటారు. మాది క్రైస్తవ కుటుంబం, మా ఇళ్లలో కూడా ఫొటోకి దండ పడిందంటే ఆ మనిషి లేనట్టే.

"తీసెయ్, తీసెయ్, ముందు తీసెయ్" అని కేకలేశాను. నిచ్చెన వేసి కింది వరసలవి తీశాడు. ఇంతలో షామియానా వాళ్లొచ్చి నిచ్చెన పట్టుకుపోయారు. పై వరస మిగిలిపోయింది. ఎగిరినా అందదు.

నిఖిల్ తలెత్తి చూసి మురిసిపోయాడు. "వావ్ ఆంటీ, ఉంచేయండి. చాలా బాగుంది."

"బతికున్నవాళ్ల ముఖాలకి దండలేంటి బాబూ?"

"పై దాకా ఎవరూ రారు ఆంటీ. కింద నుంచి నిండుకుంటూ వస్తాయి. అంత జనం రారు."

సత్యం గారు ఫొటోగ్రాఫర్ వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూశారు. "నిండుగా ఉందండీ మేడం. ఫొటోలయ్యాక తీయిద్దాం" అన్నారు. ఫొటోలు పేపర్లో వచ్చాయి. జనం విరగబడి వచ్చారు. దండలు తీయించండి అని రెండుసార్లు అడిగితే, పేపర్లో పడింది కదా, జనం అదే చూడ్డానికి వస్తున్నారు, ఉండనివ్వండి అన్నారు. ఆ పూలు ఎండిపోయి అలాగే వేలాడాయి. కింది వరసలు నిండిపోయాయి.

"నేనెప్పుడు పోయానండీ?"

మా గ్యాలరీకి నాలుగడుగుల దూరంలో ఒక స్కానింగ్ సెంటర్ ఉంది. రిపోర్టులొచ్చే లోపు ఏసీలో కూర్చోవచ్చని చాలామంది మా దగ్గరికి వచ్చేవాళ్లు. వాళ్లంటే నాకు ఇష్టం. బొమ్మల్ని తీరిగ్గా చూసేది వాళ్లే.

అలా వచ్చారు సువర్ణ, ఆమె భర్త శేషగిరి. కంకిపాడులో ఎరువుల కొట్టు. ఆమెకి నలభై ఉండవు. గుండెలో వాల్వు పాడైంది, పైవారం ఆపరేషన్. ఇవన్నీ శేషగిరి మంచినీళ్లు తాగుతూ చెప్పాడు. ఆమె మా గుమ్మం మెట్లెక్కడానికే మధ్యలో ఆగి గోడ పట్టుకుంది.

గుమ్మం దగ్గర ముఖం తీసుకుంటామని ఒక బోర్డు ఉండేది. ఇంగ్లీషులో, చీమల బారులాంటి అక్షరాల్లో. ఆమె అది బోర్డని కూడా అనుకుని ఉండదు. కెమెరా మీద చిన్న నీలం దీపం వెలిగితే, ఏంటా అని ఆగి చూసింది. అంతే.

నేను బల్ల దగ్గర ఉన్నాను. కాసేపటికి హాల్లో మాటలు ఆగిపోయాయి. తలెత్తి చూస్తే ఆమె గోడ ముందు నిలబడి పైకి చూస్తోంది. పై వరసలో, ఎండిన చామంతి దండ కింద, ఆమె ముఖం. బొట్టుతో సహా. కళ్లు మూసి తెరుస్తోంది. ఛాతీ లేస్తోంది, ఆగుతోంది, మళ్లీ రెండుసార్లు గబగబా లేస్తోంది. పక్క ఫ్రేముల్లో అందరి ఊపిరీ తూగుతున్నట్టు సాగుతోంది. ఆమెది మాత్రం తడబడుతోంది.

ఆమె అరవలేదు, ఏడవలేదు. నా వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగింది.

"నేనెప్పుడు పోయానండీ?"

"అయ్యయ్యో, అదేం మాటమ్మా, అది ఒట్టి కంప్యూటర్ బొమ్మ" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆమె వినలేదు. శేషగిరి ఆమె భుజాలు పట్టుకుని బయటికి తీసుకెళ్లాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి ఆ ఫ్రేము వైపే చూసింది.

ఆ సాయంత్రమే నిచ్చెన తెప్పించి దండలన్నీ పీకించాను. సత్యం గారికి ఫోన్ చేసి, మీరేమన్నా అనుకోండి, తీసేశాను అని చెప్పాను. సరే మేడం అన్నారు.

పీకితే ఏమైంది

రెండు రోజుల తర్వాత శేషగిరి ఒక్కడే వచ్చాడు. కళ్లు లోతుకి పోయాయి.

"ఆపరేషన్ చేయించుకోనంటోంది మేడం గారూ. ఎవరు చెప్పినా వినట్లేదు. నాకు దండ పడిపోయింది, ఇంక కోయించుకోవడం దేనికి అంటోంది."

"దండ తీసేశామని చెప్పండి."

"చెప్పానండీ. దండ తీశారు సరే, నేను ఇంకా అక్కడే ఉన్నానుగా అంటోంది. ఆ బొమ్మ తీసేయండి. మీ కాళ్లు పట్టుకుంటా. డాక్టరు గారు ఆలస్యం చేస్తే మా చేతుల్లో ఉండదని తేల్చి చెప్పేశారు."

అది నా చేతనైన పనే అనుకున్నాను. నిఖిల్‌కి ఫోన్ చేశాను. వాడు నీళ్లు నమిలాడు.

"ఒక్క ముఖం తీయడం కుదరదు ఆంటీ. పేర్లు లేకుండా పెట్టాను. ఎవరూ, నేను కూడా, ఎవరి ముఖాన్నీ ఏరకుండా కావాలనే అలా చేశాను."

"మొత్తం చెరిపెయ్."

"ఇది ఇక్కడి నుంచి వేరే దేశం ఎగ్జిబిషన్‌కి వెళ్తుంది. ఈ ముఖాలతోనే. చెరిపేస్తే నా పని పోయినట్టే."

"ఒక మనిషి ప్రాణం పోయేలా ఉందిరా!" అన్నాను. అంతవరకూ వాణ్ణి ఏనాడూ రా అనలేదు. వాడు దుర్మార్గుడు కాదు, ఆ రాత్రి నిద్రపోలేదని తర్వాత చెప్పాడు. కానీ ఫోన్లో మాత్రం ఏదో ఆలోచిస్తా అని పెట్టేశాడు.

సరే, నాకు తెలిసిన విద్య ఉందిగా అని నిచ్చెన ఎక్కి ఆ ఫ్రేముకి కరెంటు వైరు పీకేశాను. తెర నల్లబడింది. శేషగిరికి ఫోన్ చేసి తీసేశామండీ అని చెబుదామని నంబరు నొక్కబోతున్నాను. హాల్లో ఊడుస్తున్న అమ్మాయి "మేడం, అదుగో" అంది. రెండో వరసలో, సరిగ్గా నా ముఖం పక్క ఫ్రేములో, సువర్ణ ప్రత్యక్షమైంది. అదే ఊపిరి. ఇప్పుడు కింద నిలబడితే మనిషి కంటికి ఎదురుగా. ఒక తెర పోతే ఆ ముఖాన్ని ఇంకో తెరకి పంపి, అక్కడి ముఖాన్ని పై ఖాళీ ఫ్రేముకి జరిపేలా రాశాడట వాడు. నాకు ఆ సంగతి తెలియదు. నిచ్చెన మీద నుంచి ఎలా దిగానో కూడా గుర్తులేదు.

మర్నాడు మధ్యాహ్నం హాలు మూసేసి మెయిన్ స్విచ్ ఆపేశాను. సత్యం గారు ఊళ్లో లేరు. రిపేరు అని బయట బోర్డు పెట్టించాను. గోడ మొత్తం నల్లగా అయిపోయింది. కొంచెం ప్రాణం కుదుటపడింది, క్యారేజీ తెరిచి అన్నం తిన్నాను.

సాయంత్రం శేషగిరి ఫోను.

"మేడం గారూ, మధ్యాహ్నం సువర్ణకి ఊపిరాడలేదండీ. ఉన్నట్టుండి చీకట్లోకి తోసేసినట్టుంది అంది. ఆక్సిజన్ పెట్టించి ఇప్పుడే ఇంటికి తెచ్చాం."

నేను మెయిన్ ఆపిన సంగతి వాళ్లెవరికీ తెలియదు. నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఆ జబ్బుకి ఆయాసం ఎప్పుడైనా రావచ్చు, ఆ మాట ఎవరైనా అంటారు, నేనూ అనుకున్నాను. ప్రార్థన చేసుకున్నాను. అయినా పరుగెత్తుకెళ్లి మెయిన్ వేశాను. ముఖాలన్నీ ఒక్కొక్కటీ తేలుతుంటే ఆమె కోసం వెతుక్కున్నాను. కనిపించాకే కుర్చీలో కూర్చున్నాను.

ఆ తర్వాత నా బతుకు చూడాలి. మళ్లీ ఆపడానికి ధైర్యం లేదు. పటమటలో కరెంటు పోతే జనరేటర్ అందుకోవడానికి కాస్త టైము పడుతుంది, ఆ కాస్తలో నేను చచ్చి బతికేదాన్ని. డీజిల్ ఉందా, బ్యాటరీ ఉందా అని వాచ్‌మన్‌ని పీక్కుతినేదాన్ని. ఇంటికెళ్లాక ఫోన్ చేసి "హాల్లో లైట్లున్నాయా" అని అడిగేదాన్ని. నలుగురికీ బొమ్మల గురించి చెప్పిన మనిషిని, చదువుకున్నదాన్ని, ఒక తెరలో ముఖం ఆరిపోకుండా కాపలా కాశాను. ఎవరైనా నవ్వితే నవ్వండి. ఆ కుర్చీలో మీరు కూర్చుని చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఆపరేషన్ తేదీ దాటిపోయింది.

కెమెరా ముందు

నిఖిల్ తనంతట తనే వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"ఒక దారి ఉంది ఆంటీ. ఆవిడ మళ్లీ వచ్చి కెమెరా ముందు నిలబడాలి. ఇది నా ముఖం అని సిస్టమ్ ఒప్పుకుంటే, ఆ ముఖాన్ని చెరిపెయ్యమని రాశాను. ఆవిడది ఆవిడకి ఇచ్చేస్తుంది."

శేషగిరికి చెప్పాను. అతను ఆమెకి చెప్పాడు. ఆమె ఒక్క మాట అందట. "నన్ను కిందికి దింపితే హాస్పిటల్‌కి వస్తా."

డాక్టరు గారు ఇంకో తేదీ ఇచ్చారు. చేరే రోజు పొద్దున్నే దారిలో మా దగ్గర ఆగుతామన్నారు. ఆరోజు గ్యాలరీ ఎవరికీ తెరవలేదు. సత్యం గారు కూడా వచ్చి ఒక మూల చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫొటోగ్రాఫర్ లేడు.

కారు దిగిన ఆమెని నేను గుర్తుపట్టలేదు. తల నున్నగా ఉంది. గంధం రాసి ఉంది. అత్తగారు మొక్కుకున్నారట, హాస్పిటల్‌లో చేరేముందు తలనీలాలు ఇప్పిస్తానని. ముందు రోజు వెళ్లి ఇచ్చొచ్చారు. మనిషి సగానికి సగం తగ్గింది. కళ్లు మాత్రమే పెద్దగా కనిపిస్తున్నాయి. శేషగిరి ఆమెని దాదాపు ఎత్తుకుని మెట్లెక్కించాడు.

"రండమ్మా, ఇక్కడ నిలబడండి. నేను పక్కనే ఉంటా" అన్నాను.

"భయంగా ఉందండీ."

"నాక్కూడా."

అది విని నా వైపు చూసింది. నా చెయ్యి పట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి. కెమెరా ముందు నిలబడింది. నీలం దీపం వెలిగింది. రెండో వరసలో ఆమె ముఖం, జుట్టుతో, బొట్టుతో, ఈ కొన్నాళ్లలో వయసు పైబడి, కణతల దగ్గర నెరిసి, ఆయాసపడుతూ మమ్మల్నే చూస్తోంది. ఇక్కడ నా పక్కన ఈమె ఆయాసం. అక్కడ ఆ ఆయాసం. రెండూ నాకు వినిపిస్తున్నట్టే అనిపించింది. నిజానికి గోడకి శబ్దమే లేదు.

నిఖిల్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మళ్లీ నొక్కాడు. ఆమెని కాస్త పక్కకి తిరగమన్నాడు. మళ్లీ నొక్కాడు. నేను దగ్గరికెళ్లాను.

"ఒప్పుకోవట్లేదు ఆంటీ" అన్నాడు గుసగుసగా. "గోడ మీద ఆవిడ ముసలిదైపోయింది. ఈవిడకి జుట్టు లేదు, చిక్కిపోయారు. ఈ ముఖం నా దగ్గర లేదు, ఈవిడ వేరే మనిషి అంటోంది."

"ఇంకో దారి?"

తల అడ్డంగా ఊపాడు. అంటే ఇక ఆ ముఖాన్ని దింపమని అడగగలిగిన మనిషి భూమ్మీద లేనట్టే. ఇది ఆమెకి ఎలా చెప్పాలి? హాస్పిటల్ వాళ్లు ఎదురు చూస్తున్నారు. శేషగిరి గోడకి ఆనుకుని నిలబడి కళ్లు మూసుకున్నాడు.

మా గుసగుసలు ఆమె చెవిన పడ్డాయి.

"ఏమంటోందండీ?"

నిఖిల్ నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. చివరికి వాడే చెప్పాడు.

"ఆ ముఖం మీది కాదంటోంది మేడం."

ఆమె గోడ వైపు చూసింది. చాలాసేపు చూసింది. గంధం రాసిన తల మీద చెయ్యి వేసుకుంది, తడుముకుంది. మెల్లిగా ఆమె ముఖంలో ఏదో మారింది. నేను అంతవరకూ ఆమె నవ్వు చూడలేదు.

"అయితే ఆవిడ నేను కాదన్నమాట" అంది. "ఏమండీ, విన్నారా? నేను కాదట. పదండి, టైమైపోతోంది."

నాకు తెలుసు ఆమె తప్పుగా అర్థం చేసుకుందని. నిఖిల్‌కీ తెలుసు. వాడు ఏదో చెప్పబోతే కాలు తొక్కాను. వాళ్లు మెట్లు దిగుతుంటే ఆమె తనంతట తనే రెయిలింగ్ పట్టుకుంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి ఇక్కడ ఒక మాట. మనిషి ముఖం తీసుకునే ముందు వాళ్ల భాషలో, వాళ్ల ఎదురుగా నిలబడి అడగండి. బోర్డు పెట్టాంగా అని తప్పించుకోకండి. ఏం చేయడానికి తీసుకుంటున్నామో, ఎలా తిరిగిస్తామో తీసుకోకముందే తెలిసి ఉండాలి. తెలియకపోతే ఆ బొమ్మ ఎంత గొప్పదైనా నా గోడ మీద వద్దని చెప్పండి. ఉద్యోగం పోతే పోనివ్వండి. అన్నీ వివరించెయ్యాలన్న దురద కూడా వద్దు. ఆరోజు నేను వివరించి ఉంటే ఆమె ఆ కారెక్కేది కాదు.

వేరే దేశం

ఆపరేషన్ బాగా జరిగింది. శేషగిరి ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చేశాడు, నేనూ ఏడ్చాను. ఫోన్ పెట్టేసి తలెత్తితే రెండో వరసలో ఆమె ఊపిరి ఆగి, రెండుసార్లు గబగబా లేచింది. అక్కడికి ఏ డాక్టరూ వెళ్లలేదు. నేను ఇంక ఆ హాల్లో ఒంటరిగా కూర్చోలేకపోయాను, కుర్చీ వరండాలోకి మార్పించుకున్నాను. ఎగ్జిబిషన్ అయిపోయింది. ఫ్రేములు విప్పి, గుడ్డల్లో చుట్టి, పెట్టెల్లో సర్దించాను. ఫ్రేములు ఖాళీవే, ముఖాలు వాటిలో లేవు, వేరే చోట ఉన్నాయి అని నిఖిల్ చెప్పాడు. అయినా ఆ ఒక్క ఫ్రేమునీ బోర్లా పెట్టొద్దని పనివాళ్లకి చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు.

నేను రిటైరయ్యే ముందు ఒకరోజు సువర్ణ వచ్చింది. మధ్యలో ఆగకుండా మెట్లెక్కింది. జుట్టు బడిపిల్లలకిలా పొట్టిగా పెరిగింది. వాళ్ల పెరట్లో కాసిన జామకాయలు సంచీ నిండా తెచ్చింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఆ కబురూ ఈ కబురూ చెప్పింది. ఇప్పుడు కొట్లో లెక్కలు తనే చూస్తోందట, అత్తగారితో పోట్లాట కూడా మళ్లీ మొదలైందట. హాయిగా నవ్వుకున్నాం.

తర్వాత లేచి హాల్లోకి నడిచింది. గోడ ఖాళీగా ఉంది, మేకుల గుంతలు మాత్రమే ఉన్నాయి.

"ఆవిడేదండీ అక్కయ్య గారూ?"

"వెళ్లిపోయిందమ్మా. వేరే దేశం పంపించేశారు."

"ఇంకా అలాగే ఆయాసపడుతోందా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. అవునన్నట్టు తల ఊపాను.

ఆమె తన ఛాతీ మీద, కుట్లున్న చోట, చీర మీద నుంచే చెయ్యి వేసుకుంది. తర్వాత, మన వీధిలో ఎవరి గురించో అడిగినట్టు, చాలా దిగులుగా అడిగింది.

"నాకైతే మా ఆయన పక్కనుండి ఆపరేషన్ చేయించారు. పాపం, అంత దూరంలో ఆవిడకి ఎవరు చేయిస్తారండీ?"